టోల్కీనేటి వచనము (టీకా తాత్పర్య విశేషాంశ సహితము)

మూలము

"టోల్కీనేటి గురూ, వట్టి ఓవర్‌రేటెడ్. లవ్‌క్రాఫ్టొక్కడే మొనగాడు. మన తెలుగులో అసలీ బాపతు రాసినోడేడీ?"

అవతారిక

పై వచనం విజయనగరంలో గంటస్తంభానికి కూతవేటు దూరాన, ఒక టీ బడ్డీ ముందు, సాయంత్రం ఆరున్నర వేళ వెలువడింది. వక్తకు పాతికేళ్లుంటాయి. శ్రోతలు ఇద్దరు. మూడోవాణ్ణి నేను, పిలవని పేరంటం. చేతిలో పునుకుల పొట్లం ఉంది గనక అక్కడ నిలబడే అధికారం నాకుందనుకున్నాను. వక్త గ్లాసెత్తి ఒక గుటక వేసి, గ్లాసు దించకుండానే తీర్పు చెప్పేశాడు.

ఇలాంటి వచనాలు ఇదివరకూ విన్నాను. అసిమోవ్ చప్పిడి కూడు, స్టీఫెన్ కింగ్ సాగదీత, మార్టిన్ పుస్తకం పూర్తి చెయ్యడు గనక అసలు రచయితే కాడు. విని ఊరుకున్నాను. ఈసారి మూడో వాక్యం దగ్గర పునుకు గొంతుకడ్డం పడింది. అందుచేత వ్యాఖ్యకు పూనుకోవలసి వచ్చింది.

వ్యాఖ్యాతలకొక మర్యాద ఉంది. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ కోలాచలం మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. మొదటి సగం నేనూ పెట్టుకుంటాను. రెండో సగం నా వల్ల కాదు, ముప్పై ఏళ్లు బడిలో తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. ఆయన తన వ్యాఖ్యలకు సంజీవని, సర్వంకష, ఘంటాపథం అని పేర్లు పెట్టుకున్నాడు. ఘంటాపథమంటే గంటలు కట్టిన ఏనుగులు నడిచే రాచబాట. మనకిప్పుడు ఏనుగుల్లేవు, స్తంభం ఉంది. కనక ఈ వ్యాఖ్యకు ‘ఘంటాస్తంభిని’ అని నామకరణం చేశాను. పర్వతాలపేటలో పుట్టి వాడుకభాష కోసం జీవితాంతం పోరాడిన గిడుగు రామమూర్తి గారి గడ్డ మీద నిలబడి గ్రాంథికం వాసన కొడుతున్నందుకు వారి ఆత్మ మన్నించాలి. పునుకుల వాసనలో కొంత పోతుంది.

ప్రతిపదార్థము

టోల్కీనేటి = టోల్కీను, ఏటి అని పదచ్ఛేదం. ఉత్వసంధి. మనవాళ్లు హల్లుతో ఆగిపోయే ఏ పేరునూ అలా గాలికి వదిలెయ్యరు. ఆక్సుఫర్డులో ఇరవయ్యేళ్లు ఆంగ్లో-సాక్సన్ ఆచార్యుడిగా ఉన్న మనిషికి చివర ఒక ఉకారం కట్టబెట్టి ఇంటివాణ్ణి చేసుకున్నారు. మరుక్షణమే ‘ఏటి’ వచ్చి పక్కన నిలబడేసరికి ఆ ఉకారం కాస్తా ఊడబెరికారు. ఇల్లరికపు అల్లుడి మర్యాద ఇలాగే ఉంటుంది.

ఏటి = ఏమిటి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పసిపిల్లకైనా తెలుసు. అయితే తుని దాటి అవతల నుంచి వచ్చిన ఒక పండితుడు పూర్వపక్షం చెయ్యవచ్చు. ఏరు అనే మాటకు ఔపవిభక్తిక రూపం ఏటి గదా, కాబట్టి ‘టోల్కీనేటి’ అంటే టోల్కీను అనే ఏటి యొక్క అని అర్థం చెప్పరాదా, అని. చెప్పరాదు. నాగావళికీ వంశధారకీ నడుమ పుట్టినవాడికి ఏరేదో, ఏటేదో చెవికే తెలుస్తుంది. మాట తప్పుగా విడగొడితే కొంపలంటుకుంటాయి. ఇది ఊరికే అనడం లేదు. నిజంగానే ఒకసారి అంటుకున్నాయి.

విశేషాంశము

శాతవాహన మహారాజు రాణులతో జలక్రీడ ఆడుతున్నాడు. ఒక రాణికి ఓపిక అయిపోయింది. ఇంక నీళ్లు చల్లొద్దు ప్రభూ అని సంస్కృతంలో అంది. ‘మా’, ‘ఉదకైః’ కలిస్తే ‘మోదకైః’ అయింది. రాజుకి గుణసంధి రాదు. మోదకాలంటే కుడుములని మాత్రం తెలుసు. వెంటనే పళ్లేల నిండా కుడుములు తెప్పించాడు. రాణి పగలబడి నవ్వింది. ఆమెతో పాటు పరివారమూ నవ్వింది. రాజు మంచమెక్కాడు. అయితే పాండిత్యం, కాకపోతే మరణం అన్నాడు.

కొలువులో పండితులు ఇద్దరు. వ్యాకరణానికి పన్నెండేళ్లు పడుతుంది, నేనైతే ఆరేళ్లలో నేర్పుతానన్నాడు గుణాఢ్యుడు. నేను ఆరు నెలల్లో నేర్పుతానన్నాడు శర్వవర్మ. గుణాఢ్యుడికి ఒళ్లు మండింది. ఏ పంతులికైనా మండుతుంది. నువ్వే గనక నేర్పితే సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ నోటెత్తనని పందెం వేశాడు. శర్వవర్మ కాతంత్రమనే వ్యాకరణం తెచ్చి అన్నంత పనీ చేశాడు. నాకు తెలిసినంతలో మన దేశంలో అదే మొదటి గైడు. దాన్ని నమ్ముకున్న మొదటి విద్యార్థి సార్వభౌముడు. ఆరు నెలల్లో అంతా వచ్చేస్తుందని బోర్డులు కట్టే కోచింగ్ సెంటర్లన్నింటికీ మూలపురుషుడు శర్వవర్మే. ఈ విషయం మీద నాకు పాత పగ ఉంది, ఇక్కడ విప్పను.

ఓడిపోయిన గుణాఢ్యుడికి మాట్లాడడానికి భాష లేదు. వింధ్యాటవిలోకి పోయాడు. అక్కడ పిశాచాల దగ్గర పైశాచీ భాష నేర్చుకున్నాడు. కాణభూతి అనే పిశాచం కథ చెబితే తాను రాశాడు. సిరా దొరక్క తన నెత్తుటితో ఏడేళ్లు, ఏడు లక్షల శ్లోకాలు. అదే బృహత్కథ. పిశాచం చెప్పగా, పిశాచాల భాషలో, రక్తంతో రాసిన గ్రంథం! ఏ ఊళ్లో హారరు ఇంతకంటే స్వచ్ఛంగా పుట్టిందో చెప్పండి.

శిష్యులు దాన్ని మోసుకుని రాజు దగ్గరికి వెళ్లారు. కొత్తగా వ్యాకరణం వచ్చిన రాజు. తాటాకు తిప్పి చూడలేదు. భాష పైశాచి, సిరా నెత్తురు, అవతల పారెయ్యండి అన్నాడు. నిన్నటిదాకా కుడుములకీ నీళ్లకీ తేడా తెలియని మనిషి!

గుణాఢ్యుడు కొండ మీద గుండం వేసుకుని కూర్చున్నాడు. ఒక్కో ఆకూ జంతువులకు చదివి వినిపించడం, నిప్పుల్లో వెయ్యడం. జింకలూ పందులూ మేత మానేసి చుట్టూ చేరి కన్నీళ్లు కారుస్తూ విన్నాయి. అక్కడ రాజుకి జబ్బు చేసింది. మాంసంలో సారం లేదన్నారు వైద్యులు. వంటవాళ్లను నిలదీస్తే బోయల మీదికి తోశారు. బోయలు వచ్చి సంగతి చెప్పారు. అడవిలో ఎవరో పిచ్చి బ్రాహ్మడు కథ చదువుతున్నాడు, మృగాలు మేత ముట్టడం లేదు. రాజు పరుగెత్తుకెళ్లేసరికి ఆరు లక్షలు బూడిద. ఒక్క లక్ష మిగిలింది. ఆ మిగిలినదైనా పైశాచిలో నిలవలేదు. సోమదేవుడి వంటివాళ్లు సంస్కృతంలోకి దించుకుంటే మనదాకా వచ్చింది. చందమామలో నెలనెలా విక్రమార్కుడి భుజమెక్కిన బేతాళుడు ఆ దారినే వచ్చాడు.

సమీక్షా సంప్రదాయమంతా గాలించినా ఇంతకంటే గట్టి ప్రమాణం నాకు దొరకలేదు. వినేవాడు తిండి మానేశాడా, లేదా? మా ఇంట్లో ఒక వారపత్రిక సీరియల్ కోసం మా అమ్మ అన్నం మాడబెట్టింది. ఆ సీరియల్ సంగతి తర్వాత.

ఎక్కడున్నాం? ‘ఏటి’ దగ్గర.

ప్రతిపదార్థ శేషము

గురూ = సులభం. వట్టి = సులభం. విద్యార్థులు ఊహించుకోగలరు.

ఓవర్‌రేటెడ్ = ఇది మహాపదం. ‘ఓవర్’ ఉపసర్గ, మన ‘అతి’కి మేనత్త కొడుకు. ‘రేటు’ ధాతువు. అర్థం చెప్పాలంటే పలాస వెళ్లాలి. శ్రీకాకుళం జిల్లాలో రేటు అనే మాట తెలిసిన ఊరు అదే. అక్కడ జీడిగింజను ముందు ఆవిరి పట్టాలి, లేదా వేయించాలి. ఆనక పెంకు కొట్టాలి. పెంకులోంచి వచ్చే నూనె తగిలితే చర్మం పొక్కుతుంది. ఏళ్ల తరబడి ఆ పని చేసిన ఆడవాళ్ల వేళ్లు చూస్తే తెలుస్తుంది, నల్లటి చారలు ఏ సబ్బుకీ పోవు. లోపలి పప్పును ఆరబెట్టి, మీది పొర గోటితో ఒలిచి, బద్దలు వేరు, ముక్కలు వేరు, గుండుపప్పు వేరు చెయ్యాలి. గుండుపప్పులో మళ్లీ లెక్క. పౌనుకు 180 తూగితే ఒక రకం, 240 అయితే మరో రకం, 320 అయితే ఇంకో రకం. అంకె చిన్నదైతే పప్పు పెద్దది. ఇంతా అయ్యాక పలికేదాన్ని రేటు అంటారు. పెంకు కొట్టకుండా రేటు చెప్పినవాణ్ణి పలాసలో బేరానికి రానివ్వరు.

వక్తను వినయంగానే అడిగాను. "టోల్కీను ఏం చదివావు బాబూ?"

"మూడు సినిమాలూ చూసాను మాస్టారూ. పుస్తకం మొదలెట్టాను గానీ, ఆ ముసలాయన పుట్టినరోజు పార్టీ దగ్గర ఆపేసాను."

అంటే పెంకు దగ్గరే ఆగాడు. నేను పుస్తకం మూడు భాగాలూ చదివాను. మధ్యలో పాటలన్నీ వదిలేశాను, ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు సిగ్గులేదు. నడిచినంత సేపూ నడుస్తూనే ఉంటారు. పాదయాత్ర వర్ణన కొంత తగ్గించవచ్చు. కానీ మనుషులు లేని పాడుబడ్డ చీకటి గనిలో అడుగున ఎక్కడో డప్పు మోగడం మొదలైనప్పుడు నేను లేచి వీధి తలుపు గడియ సరిచూసుకున్నాను. రేటు కట్టడమంటే ఇదీ. ఇన్ని గుళ్లు, ఇన్ని బద్దలు, ఇంత పుచ్చు.

లవ్‌క్రాఫ్టొక్కడే మొనగాడు = ఒక్క ముక్కలో ముగిస్తాను. అతని కథలు చాలామటుకు ‘వియర్డ్ టేల్స్’ అనే చవక పత్రికలో పడ్డాయి. 1937లో, నలభై ఆరేళ్ల వయసులో, డబ్బూ పేరూ లేకుండా పోయాడు. అతని జాతి ద్వేషం వెగటు. ప్రపంచ ఫాంటసీ పురస్కారంగా ఇచ్చే అతని తలబొమ్మను 2015లో మానుకుంటున్నామని ప్రకటించారు. మొనగాడన్నవాడికి ఈ రెండూ తెలియవు. కథలు యూట్యూబులో విన్నానన్నాడు. దాన్ని నేను తప్పుపట్టను, గుణాఢ్యుణ్ణి జింకలూ విన్నాయి.

చవక పత్రికల్లో రాసినవాణ్ణి వెతికి పట్టుకుని నెత్తిన పెట్టుకున్నారు వాళ్లు. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

మన తెలుగులో అసలీ బాపతు రాసినోడేడీ = ఇక్కడ వ్యాఖ్యాత కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ‘ఏడీ’ అనేది ఉన్నాడా అని అడగదు. ఎక్కడున్నాడు అని అడుగుతుంది. కనక చిరునామాలు చెబుతాను.

ఒకడు పదహారో శతాబ్దంలో నంద్యాల కృష్ణరాజుకి కావ్యం అంకితమిచ్చాడు. పింగళి సూరన. కళాపూర్ణోదయంలో బ్రహ్మ సరస్వతికి ఒక కథ చెబుతాడు. చెప్పిన తర్వాత ఆ కథ లోకంలో జరగడం మొదలెడుతుంది! ఇద్దరు రంభలు ఎదురుబొదురు నిలబడి అసలుదాన్ని నేనంటే నేనని వాదించుకుంటారు. కాలాన్ని తలకిందులు చేసిన నవల అని ఇప్పుడు అట్ట మీద వేస్తే ఎగబడి కొంటారు. పద్యమైపోయిందని పరీక్షకి మాత్రం చదువుతాం.

ఇంకొకరు ఈ ఊరివారే. టీ బడ్డీ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లు. లండన్లో డ్రాకులా అచ్చయిన 1897లోనే కన్యాశుల్కం మొదటిసారి అచ్చయింది. మనం చదువుకునేది 1909 నాటి కూర్పు. అందులో పెళ్లికూతురి వేషంలో ఉన్న కుర్రాడు చల్లగా జారుకుంటే, అది ఆడపిల్ల కాదు దయ్యమని పూజారి గవరయ్య నమ్మించి, దాన్ని సీసాలో పెట్టి బిరడా బిగిస్తాడు. ఖాళీ సీసా. చుట్టూ ఉన్నవాళ్లు వణుకుతారు. రవ్వంత రక్తం పారకుండా భయం ఎలా తయారవుతుందో, దాన్ని ఎవరు అమ్ముతారో చూపించింది గురజాడే. పుస్తకం తెరవకుండా పలికే ‘ఓవర్‌రేటెడ్’ కూడా ఆ సీసా లాంటిదే. బిరడా మాత్రం బిర్రుగా ఉంటుంది.

విశ్వనాథ సత్యనారాయణ ఒక గంధర్వుణ్ణి తీసుకెళ్లి లండన్ ట్రఫాల్గర్ స్క్వేరులో పడేశారు. పేరు ‘హాహాహూహూ’. ఇంతకన్నా చెప్పను, చదువుకోండి.

మా అమ్మ అన్నం మాడబెట్టిన సీరియల్ యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’. 1980 ప్రాంతంలో ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చేది. నడిరోడ్డు మీద కోసిన నిమ్మకాయ కనిపిస్తే పెద్దవాళ్లు కూడా పక్కకి తప్పుకు నడిచిన రోజులవి. రేటు ఎక్కువా తక్కువా అనే యుద్ధం తెలుగులో నిజంగా జరిగింది అప్పుడే. క్షుద్రసాహిత్యమన్నారు. రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అని ఏకంగా పుస్తకమే రాశారు. నా మట్టుకు నేను తులసిదళం మొదటి సగానికి గుండుపప్పు రేటు కడతాను, రెండో సగం బద్దలు. దాని కొనసాగింపు ‘తులసి’ చదవకపోయినా నష్టం లేదు. ఇంతకీ గమనించవలసింది, ఆవిడ తిట్టడానికైనా సరే పుస్తకమంతా చదివారు. పార్టీ దగ్గర ఆపెయ్యలేదు.

ఇక చివరివాడు. టోల్కీను మహాగ్రంథం మొదటి భాగం వచ్చిన 1954లోనే, మద్రాసు నుంచి వచ్చే చందమామలో ‘తోకచుక్క’ అనే సీరియల్ వచ్చింది. ఆ వెనక ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం. రెండు మూడు తరాల తెలుగుపిల్లలు మంత్రగాళ్లనూ భల్లూకాలనూ నెలనెలా తాగి పెరిగారు. బొమ్మ మూల చిత్రా గారి సంతకం ఉండేది. కథ కింద ఎవరి పేరూ ఉండేది కాదు. చందమామే రాస్తుందనుకునేవాణ్ణి నేను. అన్నీ రాసింది దాసరి సుబ్రహ్మణ్యం అనే ఒకే ఒక మనిషని నాకు తెలిసేసరికి నా తల నెరిసింది. యాభై ఏళ్లకు పైగా ఆ ఆఫీసులో ఒక బల్ల ముందు కూర్చుని, 2010లో పోయాడు. రాసినోడేడీ అంటే, అక్కడ. పేరు తెలియనివాణ్ణి ఓవర్‌రేట్ చెయ్యడం ఎలాగయ్యా? అండర్‌రేట్ చెయ్యడానికైనా ఒక పేరుండాలి గదా!

ఇది ఆ అబ్బాయి తప్పు కాదు. ఆ మాట అతనితో అన్నాను కూడా. నాలుగేళ్ల క్రితం సొంతిల్లు వదిలి ఫ్లాటుకి మారినప్పుడు, అటక మీద పన్నెండేళ్ల చందమామలు, నూలుదారంతో నేను కుట్టుకున్నవి, ఇంకా వారపత్రికల సీరియల్ కాగితాల కట్టలు ఉండేవి. కిలోల్లెక్కన అమ్మేశాను. తూచినవాడు దారం బరువు తీసేస్తానని కట్టలు కోశాడు. శాతవాహనుడు ఆరు లక్షలు పోగొట్టి ఒక లక్షయినా దక్కించుకున్నాడు. నాకు అదీ లేదు.

పాఠాంతరము

వ్యాఖ్య ఇక్కడికి వచ్చేసరికి పునుకులు అయిపోయాయి. పొట్లం నలిపి పడెయ్యబోయి ఆగాను. పాత వారపత్రిక కాగితం. నా కట్టల్లోదేమోనని అంచు చూశాను, దారం రంధ్రాల్లేవు, నాది కాదు. పైభాగం చిరిగింది గనక కథ పేరూ రచయిత పేరూ లేవు. ఒకావిడ లాంతరు పట్టుకుని దిగుడుబావిలోకి దిగుతోంది. మెట్లు లెక్కపెడుతోంది. కింద నీళ్లు ఉండవలసిన చోట ఎవరో దగ్గారు. పదకొండో మెట్టు మీద ఆమె కాలు ఆగింది. ఆ తర్వాత అణా బిళ్లంత నూనె మరక. మరకలోంచి వెనక పేజీ తలనూనె ప్రకటన అక్షరాలు తిరగబడి కనిపిస్తున్నాయి. అడుగున ‘సశేషం’ ఒక్కటి శుభ్రంగా ఉంది.

కాగితం వక్తకిచ్చాను. బడ్డీ బల్బు కిందికి జరిగి చదివాడు. టీ చల్లారింది, తాగలేదు.

"తర్వాతేటైంది మాస్టారూ? ఎవులు రాసారిది?"

ఏటి = ఏమిటి. ఈ ప్రయోగం సాధువు. దీనికి వ్యాఖ్య అక్కర్లేదు.

బడ్డీవాణ్ణడిగితే, పాత కాగితాల కొట్టులో తెచ్చామన్నాడు, మిగతావి నిన్నటి బజ్జీలకే అయిపోయాయట. ఇక మిగిలింది శ్రీకాకుళం. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న విశాఖ ఎ కాలనీలో పెట్టిన కథానిలయంలో పాత పత్రికలున్నాయి. వచ్చే ఆదివారం ఆ అబ్బాయీ నేనూ వెళ్లి వెతకాలనుకున్నాం. ఈలోగా పాఠకులలో ఎవరి అటక మీదనైనా ఆ సీరియల్ ఉంటే, దయచేసి అమ్మకండి. పదకొండో మెట్టు తర్వాత ఏమైందో ఒక కార్డు ముక్క రాసి పడెయ్యండి.